ఒక్క కిలో తేడా

బరువులెత్తే పోటీ అనగానే కొండంత దేహం, స్తంభాల్లాంటి తొడలు ఉన్న పహిల్వాను మన కళ్ళముందు మెదులుతాడు. కాని ఇక్కడ మీకు పరిచయం చేస్తున్న విజేత 49 కిలోల తరగతిలో పోటీ చేసింది. మీ తరగతిలో అంతకన్న బరువైనవాళ్ళు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. ఆమె నేలమీదున్న 94 కిలోల బరువును ఒకే ఊపులో తలపైకి లేపి నిలబడింది. అంటే రెండు సిమెంటు బస్తాలకు ఆరు కిలోలు తక్కువ, అంతే!

ఆమె పేరు హౌ జిహుయి. చైనాలోని హునాన్ రాష్ట్రంలో 1997 మార్చి 18న పుట్టింది. ‘హౌ’ ఇంటిపేరు. మనలాగే చైనావాళ్ళు కూడా ఇంటిపేరు ముందు చెప్పి, పేరు తర్వాత చెబుతారు. కర్ణం మల్లీశ్వరి అన్నట్టే హౌ జిహుయి. కాబట్టి మనం ఆమెను జిహుయి అనే అందాం.

2021లో టోక్యో ఒలింపిక్స్‌లో జిహుయికి స్వర్ణం వచ్చిన పోటీలోనే మన మీరాబాయి చానుకు రజతం వచ్చింది. అందువల్ల ఆమె పేరు మన దేశంలోనూ చాలామంది విన్నారు. అయితే ఆమె ఎలా గెలిచిందో, ఎక్కడ ఓడిందో తెలియాలంటే అంకెలు చూడాలి. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

ముందు ఆట సంగతి. ఈ పోటీలో ఎత్తులు రెండు రకాలు. మొదటిది స్నాచ్. నేలమీది కమ్మీని మధ్యలో ఎక్కడా ఆపకుండా తలపైకి తీసుకుపోయి, చేతులు చాచి నిలబడాలి. రెండోది క్లీన్ అండ్ జెర్క్. ఇందులో ఒక మజిలీ ఉంది. ముందు కమ్మీని భుజాలమీదికి తెచ్చుకుని లేచి నిలబడతారు. తర్వాత మోకాళ్ళు కొంచెం వంచి, ఒక్క తోపుతో తలపైకి నెడతారు. ఒక్కోదానికి మూడేసి ప్రయత్నాలు. రెండింటిలోనూ ఎత్తిన అత్యధిక బరువులను కలిపితే వచ్చేదే ‘మొత్తం’. ఒలింపిక్ పతకం ఆ మొత్తానికే. పేరు పిలిచాక మామూలుగా ఒక నిమిషం గడువు ఉంటుంది. ఎత్తు సరిగా ఉందో లేదో ముగ్గురు న్యాయనిర్ణేతలు తెల్ల దీపం, ఎర్ర దీపం వెలిగించి చెబుతారు. ఒక బరువు తప్పితే మళ్ళీ అదే ఎత్తవచ్చు, పెంచవచ్చు. తగ్గించడానికి మాత్రం వీల్లేదు.

స్త్రీల కమ్మీ బరువు 15 కిలోలు. బిళ్ళలు జారిపోకుండా రెండు చివరలా బిగించే బిగింపులు రెండూ కలిసి 5 కిలోలు. మిగిలిందంతా రంగు బిళ్ళలే: ఎర్రది 25 కిలోలు, నీలం 20, పసుపు 15, ఆకుపచ్చ 10. వీటికి తోడు చిన్న బిళ్ళలు కూడా ఉంటాయి. 94 కిలోల్లో 20 తీసేస్తే 74. ఒక్కో వైపు 37. అంటే ఒక ఎర్రది, ఒక ఆకుపచ్చది, 2 కిలోల చిన్నది ఒకటి. ఈ రంగులు గుర్తుంచుకుంటే టీవీలో పోటీ చూస్తూ, అంకె తెరమీద పడకముందే బరువు చెప్పేయవచ్చు.

స్నాచ్‌లో కన్న క్లీన్ అండ్ జెర్క్‌లో ఎప్పుడూ ఎక్కువ బరువు ఎత్తుతారు. ఎందుకు? మీ భౌతికశాస్త్రం పుస్తకంలోని సూత్రమే జవాబు చెబుతుంది. బరువును పైకి లేపడంలో జరిగే పని, ద్రవ్యరాశిమీదా ఎత్తుమీదా ఆధారపడుతుంది. క్లీన్‌లో కమ్మీని భుజాలవరకు తెస్తే చాలు కాబట్టి తక్కువ ఎత్తుకు లాగినా సరిపోతుంది. స్నాచ్‌లో ఇంకా పైకి లాగాలి. ఉదాహరణకు 117 కిలోలను 80 సెంటీమీటర్లు లేపడానికీ, 93.6 కిలోలను ఒక మీటరు లేపడానికీ జరిగే పని ఒకటే. గుణించి చూడండి. ఆ రెండో బరువు మొదటిదానిలో సరిగ్గా నూటికి 80 వంతులు. మంచి క్రీడాకారుల స్నాచ్ తరచుగా వాళ్ళ క్లీన్ అండ్ జెర్క్‌లో 80 శాతం దరిదాపుల్లోనే ఉంటుంది. మన లెక్క చాలా మోటు లెక్క అయినా అంకె దగ్గరగానే వచ్చింది. ఈ 80ని గుర్తుపెట్టుకోండి, జిహుయి కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

అసలు చిత్రం ఏమిటంటే, స్నాచ్‌లో బరువును తలపైదాకా ఎవరూ లాగరు! అంత బలం ఎవరికీ లేదు. బిళ్ళల వ్యాసం 45 సెంటీమీటర్లు కాబట్టి, కమ్మీ మొదట్లో నేలకు 22.5 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడినుంచి దాన్ని కాళ్ళతో, నడుముతో లాగుతూ వేగం పెంచుతారు. తొడల పైభాగానికి వచ్చేసరికి శరీరం విల్లులా నిటారుగా విచ్చుకుంటుంది. అప్పుడు కమ్మీ వేగం సెకనుకు 1.8 మీటర్లు ఉందనుకుందాం. ఇక కాళ్ళ పని అయిపోయింది. కమ్మీ పైకి విసిరిన బంతిలాంటిదే. అది ఇంకెంత ఎత్తు పోతుంది? వేగం వర్గాన్ని 2g తో, అంటే 19.6తో భాగిస్తే సుమారు 16.5 సెంటీమీటర్లు. ఎంతసేపు? 1.8ని 9.8తో భాగిస్తే 0.18 సెకను.

ఆ కొద్ది వ్యవధిలో క్రీడాకారిణి కమ్మీ కిందికి దూరిపోవాలి. గొంతుక్కూర్చుని, చేతులు చాచి, పడబోతున్న బరువును పట్టేసుకోవాలి. కేవలం గురుత్వాకర్షణకు వదిలేస్తే ఆమె శరీరం అంత త్వరగా దిగదు. అందుకని కమ్మీనే పట్టుకుని తనను తాను కిందికి లాక్కుంటుంది. ఆమె కమ్మీని పైకి లాగితే కమ్మీ ఆమెను కిందికి లాగుతుంది. న్యూటన్ మూడో నియమానికి ఇంతకన్న అందమైన ఉదాహరణ నాకు కనపడలేదు. చూసేవాళ్ళకు బరువు పైకి పోయినట్టు కనిపిస్తుంది. నిజానికి సగం పని మనిషి కిందికి పోవడంలోనే ఉంది.

ఇంకొక చిక్కు ఉంది. మనిషి 49, కమ్మీ 94. రెండూ కలిసిన గరిమనాభి మనిషి దగ్గర ఉండదు, కమ్మీవైపు జరుగుతుంది. రెండింటి మధ్య దూరాన్ని మూడు భాగాలు చేస్తే, కమ్మీ నుంచి సుమారు ఒక భాగం దూరంలో ఉంటుంది. ఆ గరిమనాభి నుంచి గీసిన లంబం పాదాల మధ్యే పడాలి. పాదం పొడవు ఎంత? ఒక జానెడు చిల్లర. కమ్మీ కొద్దిగా ముందుకు తూలినా, వెనక్కు తూలినా బరువు నేలమీదే. జబ్బల బలం ఎంత ఉన్నా ఉపయోగం లేదు. క్లీన్ అండ్ జెర్క్‌లో కండబలం కొంత లోపాన్ని కప్పుతుంది. స్నాచ్ మాత్రం నేర్పు లేనివాణ్ణి క్షమించదు.

ఆ లాగడంలో సామర్థ్యం ఎంతో కూడా చూద్దాం. 94 కిలోలను సుమారు 80 సెంటీమీటర్లు లేపుతూ 1.8 మీటర్ల వేగం ఇవ్వడానికి కావలసిన శక్తి 890 జౌళ్ళ ప్రాంతంలో ఉంటుంది. ఇదంతా దాదాపు ఒక సెకనులో జరుగుతుంది. అంటే 890 వాట్లు. ఒక హార్స్ పవర్ 746 వాట్లే! నీళ్ళు తోడే చిన్న మోటారుకన్న ఎక్కువ అన్నమాట, ఒక్క సెకనుపాటు.

ఇక జిహుయి పోటీల కథకు వద్దాం.

చైనాకు బరువులెత్తడంలో పాత చరిత్ర ఉంది. ఏ క్రీడలోనైనా ఆ దేశానికి మొట్టమొదటి ప్రపంచ రికార్డు తెచ్చినవాడు బరువులెత్తేవాడే. చెన్ జింగ్‌కాయ్ 1956లో షాంఘైలో 133 కిలోలు క్లీన్ అండ్ జెర్క్ చేశాడు. స్త్రీల పోటీలు ఒలింపిక్స్‌లో చేరింది 2000లో. అప్పటినుంచి చైనా స్త్రీలు పతకాలు పండిస్తూనే ఉన్నారు. అలాంటి దేశంలో జట్టులో చోటు సంపాదించడమే పెద్ద పోటీ. టోక్యోలోనూ పారిస్‌లోనూ ఒక్కో తరగతికి ఒక దేశంనుంచి ఒక్కరికే అవకాశం. జిహుయి తరగతిలోనే జియాంగ్ హుయిహువా అనే మరో మేటి క్రీడాకారిణి ఉంది. ఇద్దరిలో ఎవరు వెళ్ళాలన్నది చాలాసార్లు ఒకటి రెండు కిలోలతోనే తేలేది.

2016లో రియో ఒలింపిక్స్ నాటికి జిహుయికి 19 ఏళ్ళు. స్వర్ణం ఆమెదే అనుకున్నారంతా. కాని గాయంవల్ల బరిలోకి దిగకుండానే తప్పుకుంది. ఆ 48 కిలోల తరగతిలోనే మీరాబాయి కూడా పోటీచేసింది. ఆమె క్లీన్ అండ్ జెర్క్ మూడు ప్రయత్నాలూ తప్పి, మొత్తమే లేకుండా తిరిగి వచ్చింది. స్వర్ణం 200 కిలోలతో థాయ్‌లాండ్‌కు పోయింది. అయిదేళ్ళ తర్వాత టోక్యోలో మొదటి రెండు స్థానాల్లో నిలవబోయే ఇద్దరికీ రియోలో మిగిలింది శూన్యమే.

తర్వాత ఏడాది ఇంకో దెబ్బ తగిలింది. ఈసారి తప్పు జిహుయిది కాదు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో దాచి ఉంచిన నమూనాలను మళ్ళీ పరీక్షించగా, చైనాకు స్వర్ణం తెచ్చిన ముగ్గురు స్త్రీలు నిషిద్ధ మందులు వాడినట్టు తేలింది. 2017 జనవరిలో వాళ్ళ పతకాలు రద్దుచేశారు. వాళ్ళలో 48 కిలోల తరగతి విజేత కూడా ఉంది. ఆ ఏడాది అక్టోబరునుంచి చైనా జట్టు మొత్తాన్ని ఏడాదిపాటు అంతర్జాతీయ పోటీలనుంచి పక్కన పెట్టారు. 2017 చివర అమెరికాలో జరిగిన ప్రపంచ పోటీల్లో మీరాబాయి 194 కిలోలతో స్వర్ణం గెలిచింది. ఆ పోటీలో చైనావాళ్ళు లేరు. ఈ మాట చెప్పడం మీరాబాయిని తక్కువ చేయడానికి కాదు. తొమ్మిదేళ్ళ కిందటి ఎవరి తప్పుకో, ఆ రోజుల్లో జాతీయ జట్టులో కూడా లేని పిల్లలు శిక్ష అనుభవించారని చెప్పడానికి.

2018 చివర చైనా తిరిగి వచ్చింది. అప్పటికి 48 కిలోల తరగతి 49గా మారింది. ఆ ఏడాది అష్గాబాద్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో ముందు నిలిచిన క్రీడాకారిణి మందుల పరీక్షలో దొరికిపోవడంతో స్వర్ణం జిహుయికి దక్కింది. మరుసటి ఏడాది పట్టాయాలో జియాంగ్ 212, జిహుయి 211. ఒక్క కిలో తేడాతో ప్రపంచ కిరీటం చేజారింది.

ఇప్పుడు పెన్సిలు తీయండి. 2021 ఏప్రిల్‌లో తాష్కెంట్‌లో ఆసియా పోటీలు జరిగాయి. జిహుయి స్నాచ్‌లో 96 కిలోలు ఎత్తింది. అది ప్రపంచ రికార్డు. క్లీన్ అండ్ జెర్క్ 117, మొత్తం 213. మొత్తమూ ప్రపంచ రికార్డే. అదే వేదికమీద అదే రోజు మీరాబాయి క్లీన్ అండ్ జెర్క్‌లో 119 ఎత్తింది. ఇదీ ప్రపంచ రికార్డే! అయినా ఆమెకు దక్కింది కాంస్యం. స్నాచ్‌లో ఆమె ఎత్తింది 86 కిలోలే కదా. జిహుయి 96ను 117తో పోలిస్తే 82 శాతం. మీరాబాయి 86ను 119తో పోలిస్తే 72 శాతం. కాళ్ళ బలంలో మీరాబాయి ఒక మెట్టు పైనే ఉంది. తేడా అంతా ఆ 0.18 సెకనులో ఉంది.

మూడు నెలల తర్వాత, జూలై 24న, టోక్యో. కరోనా కారణంగా ప్రేక్షకులు లేని వేదిక. జిహుయి స్నాచ్‌లో 94, మీరాబాయి 87. సగం పోటీ అయ్యేసరికే 7 కిలోల తేడా. తర్వాత మీరాబాయి 115 ఎత్తింది. జిహుయి 116 ఎత్తి ముగించింది. మొత్తాలు 210, 202. కొందరు ‘మీరాబాయి చివరి ప్రయత్నంలో 117 ఎత్తి ఉంటే’ అని బాధపడ్డారు. లెక్క వేయండి: 87తో మొదలుపెట్టి 210ని దాటాలంటే 124 ఎత్తాలి. అప్పటికి ఆమె పేరనే ఉన్న ప్రపంచ రికార్డు 119. అంటే ఆ స్వర్ణం క్లీన్ అండ్ జెర్క్ మొదలుకాకముందే దాదాపు ఖాయమైపోయింది. పోటీ అయ్యాక జిహుయిని మందుల పరీక్షకు మళ్ళీ పిలిచారనీ, స్వర్ణం మీరాబాయికి రావచ్చనీ మన పత్రికల్లో ఒక వార్త గుప్పుమంది. అది నిలవలేదు. పతకం జిహుయిదే.

ఇక్కడ ఒక పక్కదారి పడదాం. అదే టోక్యోలో స్త్రీల అతి భారీ తరగతిలో చైనాకే చెందిన లీ వెన్‌వెన్ మొత్తం 320 కిలోలతో గెలిచింది. ఆమె బరువు సుమారు 150 కిలోలు. జిహుయికి మూడు రెట్లు. మరి మొత్తం మూడు రెట్లు, అంటే 630 ఎందుకు కాలేదు? కండరం బలం దాని అడ్డుకోత వైశాల్యాన్నిబట్టి ఉంటుంది. శరీరం పొడవు, వెడల్పు, మందం అన్నీ రెండింతలైతే కోత వైశాల్యం నాలుగింతలు అవుతుంది, బరువు ఎనిమిదింతలు. అంటే పెరిగేకొద్దీ బలం బరువుకు వెనకబడుతుంది. ఆ లెక్కన బరువు మూడింతలైతే బలం రెండింతలకు కొంచెం పైన ఉండాలి. లీ వెన్‌వెన్ అంతకు కూడా చేరలేదంటే, పెద్ద శరీరంలో బరువంతా కండ కాదన్న సంగతి కూడా కలుపుకోవాలి. చీమ తనకన్న ఎన్నో రెట్ల బరువు మోయడంలోనూ ఇదే కిటుకు. తరగతులు పెట్టి పోటీలు జరపడం ఇందుకే.

టోక్యో తర్వాత జిహుయికి అంత మంచికాలం రాలేదు. 2022 డిసెంబరులో బొగోటా ప్రపంచ పోటీల్లో ఆమె మొత్తం 198కి పడిపోయింది. జియాంగ్‌కు స్వర్ణం, 200 కిలోలతో మీరాబాయికి రజతం, జిహుయికి కాంస్యం. ప్రపంచ వేదికమీద మన అమ్మాయి ఆమెను దాటిన సందర్భం ఇది. 2023లో రియాద్‌లోనూ జియాంగ్‌దే పైచేయి. పారిస్‌కు జియాంగ్ వెళుతుందనే చాలామంది అనుకున్నారు. అయితే 2024 ఏప్రిల్‌లో ఫుకెట్‌లో జరిగిన ప్రపంచ కప్ పోటీలో జిహుయి స్నాచ్‌లో 97 ఎత్తి మళ్ళీ ప్రపంచ రికార్డు నెలకొల్పింది. మొత్తం 217. పారిస్ టికెట్టు ఆమెకే దక్కింది.

ఆగస్టు 7న పారిస్‌లో కథ తలకిందులైంది. ఏ స్నాచ్‌తో ఆమె ఇన్నాళ్ళూ గెలుస్తూ వచ్చిందో, ఆ స్నాచ్ ఆ రోజు 89 దగ్గరే ఆగిపోయింది. రుమేనియా క్రీడాకారిణి మిహేలా కాంబేయి 93 ఎత్తి ముందుకు పోయింది. మీరాబాయి 88తో ఒక్క కిలో వెనక. టోక్యోలో మీరాబాయి ఉన్న చోట ఇప్పుడు జిహుయి ఉంది. తేడాను రెండో ఎత్తులో పూడ్చుకోవాలి.

కాంబేయి క్లీన్ అండ్ జెర్క్‌లో 112 ఎత్తి 205 దగ్గర నిలిచింది. జిహుయికి 89కి ఎంత కలిపితే సరిపోతుంది? 116 కలిపితే 205 అవుతుంది, సమానం. సమానమైతే?

ఇందుకు మన మల్లీశ్వరి పోటీని గుర్తుచేసుకోవాలి. 2000 సిడ్నీ ఒలింపిక్స్, 69 కిలోల తరగతి. శ్రీకాకుళం జిల్లా అమ్మాయి కర్ణం మల్లీశ్వరి 110, 130 కలిపి 240 ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమే. చివరి ప్రయత్నంలో ఆమె స్వర్ణానికే గురిపెట్టి 137.5 అడిగింది గాని కమ్మీ నిలవలేదు. ఆమెకు పైన ఇద్దరు: చైనాకు చెందిన లిన్ వైనింగ్, హంగరీకి చెందిన ఎర్జెబెత్ మార్కుష్. ఇద్దరి మొత్తం 242.5. అప్పటి నియమం ప్రకారం సమానమైతే తక్కువ శరీర బరువు ఉన్నవాళ్ళు గెలిచినట్టు. లిన్ తేలిక, స్వర్ణం ఆమెకు పోయింది. ఈ నియమాన్ని తర్వాత తీసేశారు. ఇప్పుడు సమానమైతే ఆ మొత్తాన్ని ముందు చేరుకున్నవాళ్ళదే గెలుపు. నా మట్టుకు ఇదే మేలనిపిస్తుంది. పోటీ ఉదయం తూకంలో వంద గ్రాములు తగ్గడంకోసం తిండీ నీళ్ళూ మానేసే అవస్థ కొంతైనా తగ్గింది.

అంచేత పారిస్‌లో 116 ఎత్తినా లాభం లేదు. 205ను కాంబేయి ముందే చేరుకుంది. 117 కావాలి. ఒక్కో వైపు 48.5 కిలోలు: ఒక ఎర్రది, ఒక నీలం, చిన్నవాటిలో 2.5 ఒకటి, 1 కిలోది ఒకటి. స్నాచ్‌కు క్లీన్ అండ్ జెర్క్‌కు ఉన్న నిష్పత్తి చూస్తే 89కి 117, అంటే 76 శాతం. టోక్యోలో మీరాబాయి నిష్పత్తి కూడా 76 శాతమే! నేర్పుతో గెలిచే అమ్మాయి ఆ రోజు బలంతో గెలవవలసి వచ్చింది. తన చివరి ప్రయత్నంలో జిహుయి 117 భుజాలమీదికి తెచ్చుకుంది, లేచింది, తలపైకి నెట్టి నిలబడింది. ఆ ఎత్తు ఒలింపిక్ రికార్డు కూడా. మొత్తం 206. కాంబేయి 205. థాయ్‌లాండ్‌కు చెందిన సురోద్చనా ఖాంబావ్ 200. మీరాబాయి 199తో నాలుగో స్థానం. స్వర్ణానికీ రజతానికీ తేడా ఒక కిలో, కాంస్యానికీ నాలుగో స్థానానికీ తేడా ఒక కిలో.

ఆ 49 కిలోల తరగతిని 2025 జూన్‌లో తీసేశారు. స్త్రీల తరగతుల్లో మళ్ళీ 48 వచ్చింది. మీరాబాయి ఆ 48కి దిగి, ఆ ఏడాదే ప్రపంచ పోటీల్లో 199 కిలోలతో రజతం తెచ్చుకుంది.